పురిటి గది

శ్రోతలకు నమస్కారం.

గజపతినగరం దగ్గరి ఒక పల్లెలో మా అమ్మమ్మగారి పెంకుటిల్లు ఉంది. వెనక వసారా పక్క గదిని ఇప్పటికీ పురిటి గది అనే అంటారు. ఇప్పుడక్కడ వడ్ల బస్తాలు పెడుతున్నారు గానీ, ఒకప్పుడు ఇంటి ఆడపిల్లలంతా తొలి కాన్పుకి ఆ గదికే వచ్చేవారు.

ఒకటే తలుపు, పైన జానెడు కిటికీ. దూలానికి ఉయ్యాల కోసం ఇనుప కడియం. నిత్యం కుంపటి పెట్టడంతో ఒక మూల గోడ నల్లగా మసిబారింది. పురుడు రాగానే గుమ్మానికి వేపమండలు కట్టి, గాలి సోకుతుందని కిటికీ మూసేసేవారు. బాలింతకి కాయం అనే మందు లేహ్యం, వెల్లుల్లి కారం పెట్టేవారు. పదకొండో రోజు స్నానం దాకా ఆమెకి ఏ పనీ చెప్పేవారు కాదు. చాలామందికి జన్మలో దొరికిన విశ్రాంతి అదొక్కటే. అందుకే ఆ ఆచారాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేను.

కాన్పు చేసేది మంత్రసాని. పొట్ట మీద చెయ్యి వేసి బిడ్డ అడ్డం తిరిగిందో లేదో చెప్పేది. చేటెడు బియ్యం, ఒక పాత చీర ఆమె కూలి. ఇంటి బిడ్డని మొదట ఎత్తుకున్న మనిషిని వంటింటి గడప మాత్రం తొక్కనిచ్చేవారు కాదు. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది.

మా అమ్మమ్మకి పుట్టిన ఇద్దరు పిల్లలు వారం తిరక్కుండానే పోయారు. దవడలు బిగుసుకుని పాలు పట్టలేదట, ఒళ్లు విల్లులా వంగిపోయిందట. బాలగ్రహం అన్నారు. ఆ లక్షణాలు ధనుర్వాతానివి. బొడ్డు కోసిన కొడవలి మీద, బొడ్డుకి అద్దిన బూడిదలో, పేడ అలికిన నేలలో ఆ క్రిమి ఉంటుంది. గాలికి భయపడి కిటికీ మూశారు. కొడవలిని మరగబెట్టాలని వాళ్లకి చెప్పినవాళ్లు లేరు.

తర్వాత ఏఎన్ఎమ్‌లు, అంటే ప్రభుత్వ ఆరోగ్య కార్యకర్తలు, ఊళ్లోకి వచ్చి గర్భిణులకి ధనుర్వాతం రాకుండా టీటీ ఇంజెక్షన్లు వేశారు. 2005లో 108 అంబులెన్సు వచ్చింది. కాన్పులు ఆసుపత్రులకి మారాయి. 2015 నాటికి దేశంలో ప్రతి జిల్లాలోనూ పసిబిడ్డల ధనుర్వాతం వెయ్యి జననాలకి ఒకటి కన్నా తగ్గింది.

కొండల మీద మాత్రం దారి లేక, నొప్పులు పడుతున్న మనిషిని డోలీలో మోసుకురావాల్సి వచ్చేది. అందుకే 2018లో, అప్పట్లో విజయనగరం జిల్లాలోనే ఉన్న సాలూరులో గర్భిణుల వసతి గృహం పెట్టారు. గిరిజన ఆడవాళ్లు నెలలు నిండకముందే దిగి వచ్చి అక్కడ ఉంటారు. తిండి, పరీక్షలు అక్కడే. నొప్పులు మొదలైతే ఆసుపత్రికి తీసుకెళతారు.