ఏడో తరగతిలో ఎవరూ చెయ్యెత్తరు

యాంకర్: నమస్కారం. ఈ వారం ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకి పాఠం చెప్పేవాళ్ల కష్టాలు విందాం. హైస్కూల్లో ముప్ఫై ఏళ్లకు పైగా లెక్కలు చెప్పి రిటైరైన మాష్టారు మనతో ఉన్నారు. మొదటి కాల్ నల్లగొండ జిల్లా నుంచి. చెప్పండి మేడమ్.

టీచర్: నమస్తే సర్. పద్నాలుగేళ్లు ప్రైమరీలో ఎస్జీటీగా చేసి, ప్రమోషన్ మీద స్కూల్ అసిస్టెంట్ మ్యాథ్స్‌గా జెడ్పీ హైస్కూల్‌కి వచ్చాను. అక్కడ మూడో తరగతిలో ప్రశ్న పూర్తికాకముందే నేను చెప్తా టీచర్, నేను చెప్తా టీచర్ అని మీద పడేవాళ్లు. ఇక్కడ ఏడో తరగతిలో ఏదైనా అడిగితే అందరూ తలలు దించేస్తారు. అర్థమైందా అంటే కోరస్‌గా అయింది మేడమ్ అంటారు, ఎఫ్‌ఏ పరీక్ష పేపర్లు దిద్దుతుంటే తెలుస్తుంది ఏమీ కాలేదని.

మాష్టారు: జూన్ నుంచీ ఇంతేనా, మధ్యలో ఏమైనా జరిగిందా?

టీచర్: అంటే... పూర్ణసంఖ్యలు చెప్పేటప్పుడు మైనస్ 5 ప్లస్ 3 ఎంత అని అడిగితే ఒకబ్బాయి లేచి మైనస్ 8 అన్నాడు. క్లాసంతా నవ్వింది. అప్పట్నుంచి వాడి పేరే మైనస్ ఎనిమిది అయిపోయింది.

మాష్టారు: మీరు?

టీచర్: నాక్కూడా నవ్వొచ్చింది సర్. ఆపుకున్నాననే అనుకున్నా.

మాష్టారు: వాడు చూసే ఉంటాడు లెండి. పన్నెండు, పదమూడేళ్ల పిల్లలు మన పాఠం కంటే మన మొహం ఎక్కువ చదువుతారు, పక్కవాడి మొహం ఇంకా ఎక్కువ. మూడో తరగతి పిల్లకి టీచర్ మెచ్చుకుంటే చాలు, వీళ్లకి మనం మెచ్చుకున్నా ఒక్కోసారి ఇబ్బందే. కాబట్టి చెయ్యెత్తమని బతిమాలకండి. తప్పు జవాబు క్లాసంతా వినకుండా మీ ఒక్కరికే కనపడే దారి చూడండి. పలకలు తెప్పించండి.

టీచర్: పలకలంటే మేమేమన్నా ఒకటో తరగతా అంటారు సర్.

మాష్టారు: నన్నూ అన్నారు. ఇంట్లో పాత శుభలేఖలు ఉంటాయి కదా, వెనక తెల్లగా ఉన్నవి, అవి ప్లాస్టిక్ కవర్లో పెట్టి మార్కర్ ఇచ్చాను, పాత గుడ్డతో తుడిచేస్తే మళ్లీ రాసుకోవచ్చు. అందరూ ఒకేసారి రాసి, మీకు కనపడేలా గుండెల దగ్గర పట్టుకోవాలి, వెనకవాళ్లకి కనపడదు. పక్కవాడు తొంగిచూస్తే చూడనివ్వండి. మైనస్ 8 రాసినవాళ్లు ఎంతమందో లెక్కపెట్టుకోండి, నలభై మందిలో పదిహేను మంది ఉన్నా నేనేం ఆశ్చర్యపోను. ఆ అబ్బాయి పైకి అన్నాడు, మిగతావాళ్లు మనసులో అనుకున్నారు, అంతే తేడా. తర్వాత ఎవరి పేరూ చెప్పకుండా మైనస్ 8 మీరే బోర్డు మీద రాసి, ఇలా రావాలంటే ఏం ఆలోచించి ఉండాలి అని అడగండి. 5, 3 కలిపేసి ముందున్న మైనస్ తగిలించారని వాళ్లే చెప్తారు. అప్పుడు కిరాణా కొట్టు ఖాతా తీయండి. ఐదు రూపాయలు బాకీ, మూడు కట్టాం, బాకీ ఎనిమిదని షాపువాడు రాస్తే ఊరుకుంటారా?

టీచర్: (నవ్వు) గొడవైపోతుంది. కానీ మైనస్ ఇంటూ మైనస్ దగ్గర ఈ బాకీ పనిచేయట్లేదు సర్.

మాష్టారు: చేయదు, అక్కడిదాకా లాగకండి. అక్కడ వరస రాయించండి. 2 ఇంటూ మైనస్ 3, మైనస్ 6. 1 ఇంటూ మైనస్ 3, మైనస్ 3. సున్నా ఇంటూ మైనస్ 3, సున్నా. ఒక్కో మెట్టుకీ మూడేసి పెరుగుతోంది. మరి మైనస్ 1 ఇంటూ మైనస్ 3 ఎంతుండాలి? అడిగేసి నోరు మూసుకోండి, మన టీచర్లకి అదే కష్టం. అమెరికాలో మేరీ బడ్ రో అనే ఆవిడ 1970లలో క్లాసుల రికార్డింగులు పరిశీలిస్తే, టీచర్లు ప్రశ్న అడిగి సెకను పాటు కూడా సరిగ్గా ఆగడం లేదు. మూడు సెకన్లు ఆగితే పిల్లలు పెద్ద పెద్ద జవాబులు చెప్పారు, ఎప్పుడూ నోరు విప్పనివాళ్లు కూడా విప్పారు. నేనైతే మనసులో ఐదు దాకా లెక్కపెట్టేవాణ్ని.

యాంకర్: మరి ఆ అబ్బాయి సంగతి?

మాష్టారు: అందరి ముందూ ఓదార్చొద్దు, సిగ్గుతో చచ్చిపోతాడు. ఎప్పుడైనా వరండాలో ఒంటరిగా కనపడితే, ఆ రోజు నేను నవ్వకుండా ఉండాల్సిందిరా అనండి. అక్కడితో వదిలేయండి.

యాంకర్: ఖమ్మం నుంచి ఒక పెద్దాయన లైన్లో ఉన్నారు.

పెద్దాయన: ఈ శుభలేఖలూ అవీ ఎందుకండీ? మా రోజుల్లో గోడకుర్చీ వేయించి రెండు తగిలిస్తే ఎక్కాలు వాటంతటవే వచ్చేవి.

మాష్టారు: వచ్చేవి, కాదనను. కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించిందని మీకూ తెలుసు, చట్టం సంగతి పక్కన పెడదాం. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ కొట్టాను. నా క్లాసులో అందరి జవాబులూ కరెక్టే. పొంగిపోయేవాణ్ని. ఒకరోజు నోట్సులు దిద్దుతుంటే అన్నిట్లోనూ ఒకే తప్పు, ఒకే చోట. క్లాసంతా ఒక్కడి నోట్సు చూసి రాస్తున్నారు, ఆ రోజు వాడు తప్పు చేశాడు.

పెద్దాయన: మేమూ చూసే రాసేవాళ్లం లెండి.

యాంకర్: (నవ్వు) ఆఖరి కాల్. ఎనిమిదో తరగతి అమ్మాయట.

విద్యార్థిని: సర్, ఎక్స్ ప్లస్ 5 ఈజీక్వల్టు 12 అయితే, ఐదుని అటు పంపితే మైనస్ అవుతుందని మా సార్ చెప్పారు. ఎందుకవుతుంది? అడుగుదామంటే అందరూ అర్థమైందనేశారు.

మాష్టారు: మంచి ప్రశ్నమ్మా. తక్కెడ అనుకో. ఒక పళ్లెంలో ఒక పొట్లం, దాని పక్కన ఐదు గోళీలు. రెండో పళ్లెంలో పన్నెండు గోళీలు. సమానంగా ఉంది. పొట్లంలో ఎన్నున్నాయో తెలియాలంటే రెండు పళ్లాల్లోంచీ ఐదేసి తీసేస్తాం. ఏదీ అటు వెళ్లలేదు.

యాంకర్: అర్థమైందా అమ్మా?

మాష్టారు: అయ్యో, ఆ మాట అడక్కండి. అమ్మా, మూడు ఎక్స్ ఈజీక్వల్టు 12. ఇప్పుడేం చేస్తావు?

(కాసేపు మౌనం)

విద్యార్థిని: రెండు వైపులా మూడు తీసేయాలా సర్?

మాష్టారు: ఎందుకలా అనిపించింది?

విద్యార్థిని: ఇందాక ఐదు తీశాం కదా... కానీ అక్కడ గోళీలు విడిగా ఉన్నాయి. ఇక్కడ మూడు పొట్లాలే ఉన్నాయి, గోళీలు లోపలున్నాయి. మూడూ కలిపి పన్నెండంటే...

యాంకర్: మాష్టారూ, టైమ్ అయిపోయింది.

మాష్టారు: ఒక్క క్షణం ఆగండి, ఆ అమ్మాయి ఇంకా లెక్క చేస్తోంది.