మోజెస్ పాదం మీద నిలబడ్డ జట్టు: మా పర్రమట్టా గోడు

నమస్కారం అండీ. ఇవాళ ఇల్లు అద్దెల గురించీ వీసాల గురించీ కాదు. నా కడుపుమంట గురించి, అంటే సిడ్నీలో నేను అభిమానించే రగ్బీ లీగ్ జట్టు పర్రమట్టా ఈల్స్ గురించి.

మొన్న ఆదివారం హ్యారిస్ పార్కులో దోసె తింటున్నాం, నేనూ మా బావమరిదీ. నా ఒంటి మీద నీలం పసుపు జెర్సీ. వాడు నన్ను పైనుంచి కిందకి చూసి, "బావా, మీవాళ్ళు చివరిసారి కప్పు కొట్టింది 1986లో. నలభై ఏళ్ళు కావస్తోంది. ఇంకా ఎందుకేసుకుంటావ్ ఇది?" అన్నాడు. వాడు పెన్రిత్ పాంథర్స్ మనిషి లెండి. 2021 నుంచి 2024 దాకా వరసగా నాలుగు కప్పులు చూసినవాడు. ఆ పొగరు ఉంటుంది. నేను జవాబు మొదలుపెట్టాను, దోసె చల్లారిపోయింది, జవాబు మాత్రం పూర్తవలేదు. మిగతాది ఇక్కడ చెప్తున్నా.

ఆట తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. రగ్బీ లీగ్ అంటే, మన చెడుగుడుకి ఒక బంతి ఇచ్చి, బరిని వంద మీటర్లు చేశారనుకోండి. జట్టుకి 13 మంది. బంతి ఉన్నవాణ్ణి కింద పడేస్తే ఒక పట్టు. ఆరు పట్ల లోపల అవతలి గీత దాటి బంతిని నేలకి ఆనించాలి (దాన్నే ట్రై అంటారు), లేదంటే బంతి వాళ్ళకి ఇచ్చెయ్యాలి. అందుకని అయిదు పట్లు అయిపోగానే బంతిని కాలితో తన్నేస్తారు. ఆ తన్నేవాడు ఎవడు, ఎక్కడికి తన్నుతున్నాడు అన్నదాని మీదే సగం ఆట నడుస్తుంది. మా జట్టులో ఆ తన్నేవాడి పేరు మిచెల్ మోజెస్. మా కష్టాలన్నీ మొదలయ్యేదీ, తీరేదీ అతని దగ్గరే.

పర్రమట్టా అంటే ఇక్కడి దారుగ్ ఆదివాసుల మాట, పాముచేపలు ఉండే చోటు అని. అందుకే మేం ఈల్స్. చిన్నప్పుడు కాలవలో పాముచేపని పట్టుకున్నవాళ్ళకి మా జట్టు గురించి వేరే చెప్పక్కర్లేదు. చేతికి చిక్కినట్టే ఉంటుంది, చూస్తూ చూస్తూ జారిపోతుంది.

సరే, మోజెస్. 2017 సీజన్ మధ్యలో వెస్ట్స్ టైగర్స్ నుంచి వచ్చాడు. అతన్ని టీవీలో చూస్తే సగమే తెలుస్తుంది, గ్రౌండ్‌కి వెళ్ళి చూడాలి. జులై చలి, కామ్‌బ్యాంక్ స్టేడియంలో గోల్ వెనక సీటు, వేలికి అంటుకునే చికెన్ సాల్ట్ చిప్స్. అయిదో పట్టు పడింది. బంతి వెనక్కి మోజెస్ చేతిలోకి వచ్చింది. ఎదురుగా ముగ్గురు మీద పడటానికి ఉరుకుతున్నారు. అతను వాళ్ళని చూడడు. తల ఎత్తి దూరంగా ఎక్కడో మూల ఒక గడ్డి ముక్కని చూస్తాడు. బంతిని నిటారుగా వదుల్తాడు, బూటు తగిలిన చప్పుడు మా దాకా వినిపిస్తుంది. ఆ బంతి పైకి వెళ్ళి, లైట్ల వెలుగులో ఒక్క క్షణం ఆగినట్టుండి, తిరగకుండా ఊగుతూ దిగుతుంది. కింద నిలబడ్డ కుర్రాడు రెండడుగులు ముందుకి, ఒకడుగు వెనక్కి, చేతులు చాచి... జారింది. ఇరవై ఏడు వేల మంది లేచి నిలబడతారు. ఆ సంఖ్య నేను లెక్కపెట్టలేదు, ఊరికే అంటున్నా. స్టేడియంలో పట్టేదే ముప్ఫై వేలు.

స్టేట్ ఆఫ్ ఆరిజిన్ అని న్యూ సౌత్ వేల్స్‌కీ క్వీన్స్‌లాండ్‌కీ మధ్య ఏటా మూడు మ్యాచ్‌ల సిరీస్ ఉంటుంది. 2024లో దాని మూడో మ్యాచ్, బ్రిస్బేన్‌లో, న్యూ సౌత్ వేల్స్ 14-4తో గెలిచి సిరీస్ పట్టుకొచ్చింది కదా, చివర్లో పరిగెత్తుకెళ్ళి గీత దాటింది ఇతనే. అంత ఆటగాడు. మరి గొడవేంటి అంటారా? అదే ఏడాది సీజన్ మొదట్లో పాదం విరిగి చాలా వారాలు బయట కూర్చున్నాడు. 2025 మొదట్లో మళ్ళీ అదే పాదం. కోలుకుని వచ్చి, ఆరిజిన్ మొదటి మ్యాచ్ ఆడి, పిక్క పట్టేసి మళ్ళీ బయటికి. తప్పు అతనిది కాదు. కానీ అతను కూర్చున్న రోజు మా జట్టు ఎలా ఉంటుందంటే, పెళ్ళికి పురోహితుడు రాలేదు, అందరూ పట్టుబట్టలు కట్టుకుని ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. అలా ఉంటుంది.

కబడ్డీలో నేను తెలుగు టైటాన్స్ అభిమానిని కూడా. నవ్వకండి. 2023 వేలంలో పవన్ సెహ్రావత్ మీద రెండున్నర కోట్లు దాటి పోసి తెచ్చుకున్నాం, ఆ సీజన్ పట్టికలో అట్టడుగున తేలాం. ఒక్క మనిషి భుజం మీద ఊరేగింపు జరగదని నాకు రెండు దేశాల్లో రెండుసార్లు అర్థమైంది.

బావమరిదికి నేను చెప్దామనుకున్నది ఇదే. పర్రా గెలిచిన రోజుల్లో ఒక్కడి మీద ఆధారపడలేదు. 1981, 82, 83, మళ్ళీ 86. పీటర్ స్టెర్లింగ్, బ్రెట్ కెన్నీ, రే ప్రైస్, మిక్ క్రోనిన్, ఎరిక్ గ్రోతీ, స్టీవ్ ఎల్లా. ఒకడు పడితే ఇంకొకడు. కోచ్ జాక్ గిబ్సన్ అమెరికా ఫుట్‌బాల్ వాళ్ళ దగ్గర చూసి వచ్చి, వీడియోలు, కంప్యూటర్ లెక్కలు, బరువులెత్తడాలు అన్నీ ఆ కాలంలోనే పెట్టాడు. 1981లో న్యూటౌన్‌ని 20-11తో ఓడించిన రాత్రి జనం పిచ్చెక్కి మా సొంత గ్రౌండ్ కంబర్లాండ్ ఓవల్‌లో పాత స్టాండ్‌ని తగలబెట్టేశారు. గెలిచి! గెలిచిన ఆనందంలో! ఆ పెద్దాయనలు కొందరు ఇప్పటికీ మా వరసలో కూర్చుంటారు, ఆ మాట ఎత్తితే "నేను అక్కడ లేను" అంటూనే కళ్ళతో నవ్వుతారు. 1986 ఫైనల్ స్కోరు 4-2. ఒక్క ట్రై లేదు. మా నాలుగు పాయింట్లూ క్రోనిన్ కాలితో కొట్టినవే. ఆయనకీ, ప్రైస్‌కీ అదే ఆఖరి మ్యాచ్.

ఆ తర్వాత కథ గబగబా చెప్పేస్తా, నిదానంగా చెప్తే నాకే బాధ. 2001లో పట్టికలో మొదటి స్థానం, ఫైనల్లో న్యూకాసిల్ చేతిలో సగం ఆటకి 24-0 వెనకబడి, 30-24తో పోయాం. 2009లో మెల్‌బోర్న్ చేతిలో 23-16. మరుసటి ఏడాది మెల్‌బోర్న్ జీతాల పరిమితి దాటి డబ్బిచ్చిందని తేలి ఆ కప్పు పీకేశారు, మాకైతే ఇవ్వలేదు. మేమేమన్నా పతివ్రతలమా అంటే అదీ లేదు, 2016లో అదే పని చేసి దొరికాం, 12 పాయింట్లు కోశారు, పది లక్షల డాలర్ల జరిమానా. ఆఖరి స్థానానికి ఇక్కడ ఊడెన్ స్పూన్ అంటారు, చెక్క గరిట. 2012, 2013, 2018. మూడు గరిటలు. వంటింటికి సరిపోతాయి.

ఇప్పుడు బ్రాడ్ ఆర్థర్. ఈయన విషయంలో నా మాట చాలామందికి నచ్చదు. 2014 నుంచి 2024 మే దాకా మా కోచ్. ఆయన్ని తీసేసిన రోజు పండగ చేసుకున్న అభిమానులున్నారు. నేను చేసుకోలేదు. వరసగా రెండు గరిటలు మోసిన జట్టుని తీసుకుని, జీతాల కుంభకోణం తట్టుకుని, 2022లో గ్రాండ్ ఫైనల్ దాకా తెచ్చింది ఆయనే. అక్కడ పెన్రిత్ 28-12తో చితక్కొట్టింది, బావమరిది ఆ స్కోరునే ఫోన్ వాల్‌పేపర్ పెట్టుకున్నాడు, అది వేరే విషయం.

ఆయన మీద నాకున్న ఫిర్యాదు వేరు. కాదు, నా మీద నాకున్న ఫిర్యాదు ముందు చెప్పాలి. 2022లో ఆయన కొడుకు జేక్ ఆర్థర్‌ని ఆడించేవాడు. కుర్రాడికి ఇరవై ఏళ్ళు కూడా లేవు. మన సినిమావాళ్ళ వారసుల గురించి మనం ఎలా మాట్లాడుకుంటామో మీకు తెలుసు, ఇక్కడా అంతే. ఒకరోజు మా సొంత గ్రౌండ్‌లో ఆ కుర్రాడు లోపలికి వస్తుంటే మా వాళ్ళే 'బూ' అని అరిచారు. నేనూ అరిచా. పక్కన మా అబ్బాయి, అప్పటికి వాడికి ఎనిమిదేళ్ళు, "నాన్నా, అతను మన టీమే కదా?" అన్నాడు. అంతే, చేతిలో చిప్స్ చల్లారిపోయాయి. ఆ కుర్రాడు మరుసటి ఏడాది మ్యాన్లీ వెళ్ళిపోయాడు. వాళ్ళ నాన్న 2024లో ఇంగ్లండులో లీడ్స్ రైనోస్‌కి కోచ్‌గా వెళ్ళాడు.

మరి ఆర్థర్ తప్పేంటి? ఆ గ్రాండ్ ఫైనల్ జట్టుని నిలబెట్టుకోలేకపోవడం. అందులో క్లబ్బు పాపం కూడా సగం ఉంది. ఐపీఎల్ అలవాటైనవాళ్ళకి ఇది వింతగా ఉంటుంది, ఇక్కడ వేలం లేదు. కాంట్రాక్టు ఆఖరి ఏడాదికి వచ్చినవాడు ముందటి నవంబర్ 1 నుంచే వేరే క్లబ్బుతో మాట్లాడుకోవచ్చు. అంటే సంతకం అక్కడ పెట్టి, ఏడాదంతా ఇక్కడ ఆడతాడు. 2022 గ్రాండ్ ఫైనల్ రోజున రీడ్ మహోనీ బుల్‌డాగ్స్ మనిషి, ఐసాయా పాపాలీ టైగర్స్ మనిషి, మరాటా నియుకోరే వారియర్స్ మనిషి. ఒంటి మీద మాత్రం మా జెర్సీ. పెళ్ళి వేరేచోట కుదిరిన పిల్లతో పేరంటం నడిపినట్టు.

మళ్ళీ అదే జరిగింది, ఈసారి ఇంకా గట్టిగా తగిలింది. డిలన్ బ్రౌన్. పద్దెనిమిదేళ్ళప్పుడు 2019లో మా దగ్గరే మొదటి మ్యాచ్ ఆడినవాడు, ఆరో నంబరు, అంటే మోజెస్ పక్కన నిలబడి ఆట నడపాల్సినవాడు. 2025 మార్చిలో న్యూకాసిల్ నైట్స్‌తో పదేళ్ళకి కోటీ ముప్ఫై లక్షల డాలర్ల సంతకం, మొదలయ్యేది 2026లో. లీగ్ చరిత్రలోనే అతిపెద్ద కాంట్రాక్టు. ఒక్కడికే ఏడాదికి పదమూడు లక్షలు అంటే ఒక జట్టు మొత్తం జీతాల పరిమితిలో పదో వంతు దాటిపోతుంది. అందరూ అతన్ని తిట్టారు. నేను తిట్టను. మీకు హైదరాబాద్‌లో ఎవరో పదేళ్ళ ఉద్యోగం, అంత జీతం రాసిస్తే కంపెనీ మీద ప్రేమతో మానేస్తారా? పైగా అంత ధరకి మేం నిలుపుకుని ఉంటే నేను మేనేజ్‌మెంట్‌నే తిట్టేవాణ్ణి. మంచి ఆటగాడే, పరిగెడతాడు, పట్టు పడతాడు. మ్యాచ్‌ని చేతిలోకి తీసుకుని నడిపించేవాడు మాత్రం కాదు. మోజెస్ లేని రోజుల్లో అది అందరికీ కనబడింది. మా అబ్బాయి జెర్సీ మీద ఇంకా ఆరో నంబరే ఉంది, మార్చమంటే మార్చనంటున్నాడు.

ఇక జేసన్ రైల్స్. 2025లో వచ్చిన కొత్త కోచ్. వస్తూనే కెప్టెన్ క్లింట్ గథర్సన్‌ని డ్రాగన్స్‌కి పోనిచ్చాడు. మేం ముద్దుగా 'కింగ్ గతో' అనేవాణ్ణండీ! ఒంట్లో ఉన్నదంతా గ్రౌండ్‌లో వదిలేసి వచ్చే మనిషి. నేను ఇదే ఛానల్లో ఇరవై నిమిషాలు రైల్స్‌ని తిట్టా, ఆ వీడియో ఇంకా ఉంది, డిలీట్ చెయ్యలేదు. మొదటి మ్యాచ్ ఆయన పాత క్లబ్బు మెల్‌బోర్న్ స్టార్మ్‌తో. 56-18తో ఓడాం. యాభై ఆరు! మోజెస్ లేడు, గతో లేడు. ఆ రాత్రి బావమరిది ఫోన్ చెయ్యలేదు. జాలిపడ్డాడన్నమాట, అది ఇంకా ఘోరం.

కానీ నేను తప్పు. గతో వదిలిన ఒకటో నంబరు (అందరికంటే వెనక నిలబడేవాడి) జెర్సీలోకి పెన్రిత్ నుంచి ఐసాయా ఇయోంగీ అనే కుర్రాణ్ణి తెచ్చాడు. మా బ్లేజ్ తలాగీ పెన్రిత్ వెళ్ళాడు, వాళ్ళ ఇయోంగీ ఇటొచ్చాడు, కుండమార్పిడి పెళ్ళిలా. ఆ కుర్రాడు గాల్లో బంతి అందుకుంటే మా వరసలో ఎవరూ ఊపిరి బిగబట్టరు ఇప్పుడు. రైలీ స్మిత్ అని ఇంకో పిల్లాడికి తొమ్మిదో నంబరు (పట్టు పడ్డాక బంతి తీసి అందించేవాడి చోటు) ఇచ్చి, తప్పులు చేసినా మళ్ళీ వారం అతన్నే దింపాడు. ముందు వరసలో జూనియర్ పాలో మా ఊరి బిడ్డ, ఒకసారి కాన్‌బెర్రా వెళ్ళి తిరిగొచ్చినవాడు, వయసైపోయిందని నేను అంటూనే ఉన్నా, ఆయన ఆడుతూనే ఉన్నాడు. సీజన్ ఆఖరి మ్యాచ్ న్యూకాసిల్ వెళ్ళి 66-10తో కొట్టొచ్చాం. అదే న్యూకాసిల్, డిలన్ బ్రౌన్‌ని కొనుక్కున్నది. గరిట ఆ ఏడాది వాళ్ళకి పోయింది. మేం పదకొండో స్థానం. 2024లో పదిహేను. పదిహేడు జట్ల లీగ్‌లో ఇది గొప్పేం కాదు, నాకు తెలుసు. కానీ 56 తిని మొదలెట్టి 66 పెట్టి ముగించారు కదా.

నా భయం ఒకటే. సీజన్ అవగానే వింగర్, అంటే మైదానం అంచున ఆడే జాక్ లోమాక్స్, విడుదల అడిగి వెళ్ళిపోయాడు. డిలన్ చోటులోకి మెల్‌బోర్న్ నుంచి జోనా పెజెట్ వస్తున్నాడు, 2026 ఒక్క ఏడాదికే, 2027కి బ్రిస్బేన్ సంతకం ముందే అయిపోయింది. అద్దెకి తెచ్చుకున్న ఆరో నంబరు! పెజెట్ ఎంత బాగా ఆడితే అంత బాధ నాకు. రైల్స్ ఆ ఏడాదిలోపు అకాడమీ కుర్రాళ్ళలో ఒకణ్ణి మోజెస్ పక్కన నిలబెట్టకపోతే, మళ్ళీ మనందరం ఒక మనిషి ఎక్స్‌రే రిపోర్టు కోసం ఎదురుచూస్తూ కూర్చుంటాం.

ఇదంతా బావమరిదికి చెప్పా. వాడు సాంబారు తుడుచుకుని, "పందెం కడదాం బావా" అన్నాడు. 2026లో మోజెస్ లేని మ్యాచ్‌లన్నిట్లో సగం గెలిస్తే వాడు నీలం పసుపు జెర్సీ వేసుకుని అదే హోటల్లో దోసె తినాలి. లేదంటే నేను పెన్రిత్ నల్ల జెర్సీ వెయ్యాలి, ఫొటో ఫ్యామిలీ గ్రూపులో పెట్టాలి. సరే అన్నా. ఇందాక మెసేజ్ పెట్టాడు, "బావా, నీ సైజెంత?" అని. నేను వాడి సైజు తిరిగి అడిగా. ఇంకా జవాబు రాలేదు.