పాత లారీ ఏసీ: గ్యాస్ ఒక్కటే మారిస్తే కంప్రెసర్ పోతుంది

నమస్తే అందరికీ. నా వెనక ఉన్నది మా బాబాయి లారీ, 1994 మోడల్. ఏప్రిల్‌లో ఇక్కడే ఆటోనగర్‌లో దీని ఏసీని పాత ఆర్-12 గ్యాస్ నుంచి దాని బదులు వచ్చిన ఆర్-134ఏ గ్యాస్‌కి మార్పించాం. రెండు నెలలు ఎండల్లో తిప్పాం, పని బాగా వచ్చింది. కాకపోతే ఇది రెండోసారి చేయించిన పని.

పోయినేడాది ఒక షాపులో కొత్త గ్యాస్ కొట్టి అరగంటలో పంపించేశారు. ఇరవై రోజులు చల్లగానే ఉంది, తర్వాత సూర్యాపేట దాటాక కంప్రెసర్ గరగరమని పట్టేసింది. ఎందుకంటే ఆర్-12లో మినరల్ ఆయిల్ కలిసిపోయి తిరుగుతుంది, 134ఏలో అది కలవదు, పోయి పైపుల్లో, కూలింగ్ కాయిల్లో ఉండిపోతుంది, కంప్రెసర్ నూనె లేక అరిగిపోతుంది. పాత గ్యాసే కొట్టించుకుందామా అంటే ఓజోన్ పొరకి చేటని 1987 మాంట్రియల్ ఒప్పందంతో మొదలుపెట్టి 2010 కల్లా మన దేశంలోనూ దాన్ని ఆపేశారు.

ఈసారి మొత్తం విప్పించాం. జాయింట్లలో లీకవకుండా వేసే రబ్బరు రింగు, ఈ ఓ రింగు చూడండి, కెమెరాకి దగ్గరగా పెడుతున్నా, గోరుతో నొక్కితే పుటుక్కున విరిగింది. ఈ జాయింట్ దగ్గర జిడ్డుకి దుమ్ము పట్టి ముద్దకట్టింది కదా, గ్యాస్ లీకయ్యేది అక్కడే, పోతూ పోతూ నూనెని కూడా బయటికి తెస్తుంది. లైన్లన్నీ ఫ్లష్ చేసి, 134ఏలో కలిసే ఎస్టర్ ఆయిల్ పోసి, ఓ రింగులు, తేమని పీల్చే డ్రయర్ బాటిల్ 134ఏకి సరిపడేవి వేశారు. లోపలి గాలి, తేమ లాగేయడానికి ముప్పావుగంట వాక్యూమ్ పంపు పెట్టి, పంపు ఆపి ఇంకో అరగంట గేజ్ ముల్లు కదలకుండా ఉందని చూశాకే గ్యాస్ ఎక్కించారు. పాతది 900 గ్రాములు పట్టేది, ఇది 750 చాలు. ఎక్కువ కొడితే ఎక్కువ చల్లదనం రాదండీ, హై ప్రెషర్ పెరిగి కూలింగే తగ్గుతుంది.

రోడ్డు మీద వెంట్ దగ్గర 9 డిగ్రీలు వస్తోంది. ఎల్‌బీ నగర్ సిగ్నల్‌లో ఆగితే మాత్రం 16కి పోతోంది, వేడిని బయటికి వదిలే పాత కండెన్సర్‌కి గాలి చాలట్లేదు. ఇంకో ఫ్యాన్ పెట్టించాలి, కానీ లారీలో కరెంటు 24 వోల్టులు, 12 వోల్టుల కారు ఫ్యాన్ పెడితే కాలిపోతుంది, అది గుర్తుంచుకోండి.

ఒక్క విషయం గట్టిగా చెప్తున్నా, చవకగా వస్తుందని వంటగ్యాస్ లాంటిది కలిపి కొడతామంటే వెంటనే బండి తీసుకుని వచ్చేయండి. అది అంటుకునే గ్యాస్, క్యాబిన్‌లో లీకైతే లోపల మనిషి ఉంటాడు.

2025 అక్టోబర్ 1 నుంచి తయారయ్యే పెద్ద లారీలకి ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేశారు, చాలా మంచి పని. పాత బళ్ల డ్రైవర్లు మాత్రం మే నెలలో ఇంజన్ పక్కనే ఉడికిపోతున్నారు, వాళ్లకి మనమే చేయించాలి.

పనయ్యాక ఏ గ్యాస్, ఎన్ని గ్రాములు, ఏ ఆయిల్ అన్నది రాసి ఇలా కండెన్సర్ పక్కన స్టిక్కర్ అంటించమనండి. రేపు దారిలో బండి విప్పే మెకానిక్‌కి అదొక్కటే ఆధారం.