ఎనిమిది ట్రాకుల టేపు: వాగ్గేయకారిణి కేట్ బుష్

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, వచ్చిన అందరికీ నమస్కారం.

ఇవాళ జూలై 30. కేట్ బుష్ 1958లో ఇదే రోజున ఇంగ్లండ్‌లోని కెంట్‌లో పుట్టారు. ఆహ్వాన పత్రికలో "కేట్ బుష్ సంగీత ప్రస్థానం" అని వేశారు. ఆ దారంతా నడవడానికి ఈ పూట చాలదు. అందుకని ఒక్క పాట దగ్గర ఆగుతాను. ఆగడానికి కారణం ఒక మాట. ఆ మాట మీద నాకు కోపం ఉంది.

2022లో 'స్ట్రేంజర్ థింగ్స్' సీరియల్ నాలుగో సీజన్‌లో వినిపించాక ఆమె పాట 'రన్నింగ్ అప్ దట్ హిల్' బ్రిటన్‌లో నంబర్ వన్ అయింది. విడుదలైన 37 ఏళ్లకు. అప్పటికి ఆమెకు 63 ఏళ్లు. ఆనాటి నుంచి "సీరియల్ పుణ్యమా అని వెలుగులోకొచ్చిన పాత గాయని" అంటున్నారు. ఈ వాక్యంలో రెండు తప్పులున్నాయి. 1985లోనే ఆ పాట 3వ స్థానం దాకా వెళ్లింది, అది ఉన్న 'హౌండ్స్ ఆఫ్ లవ్' ఆల్బమ్ మొదటి స్థానంలో నిలిచింది. అది మొదటి తప్పు. రెండోది "గాయని" అనడం.

మన సినిమా పాటకు రాసేవారు ఒకరు, బాణీ కట్టేవారు ఒకరు, పాడేవారు ఒకరు. అందుకే గొంతు వినగానే గాయని అనేస్తాం. కానీ అన్నమయ్యను, త్యాగయ్యను మనం గాయకులనం, వాగ్గేయకారులంటాం. కేట్ బుష్‌కు సరిపోయే మాట అదే. 'ది మ్యాన్ విత్ ది చైల్డ్ ఇన్ హిజ్ ఐస్' కట్టినప్పుడు ఆమె ఇంకా చిన్నపిల్ల. 1975లో, 16 ఏళ్ల వయసులో, పింక్ ఫ్లాయిడ్ రాక్ బృందం గిటారిస్టు డేవిడ్ గిల్మోర్ ఖర్చు పెట్టుకుంటే లండన్ ఎయిర్ స్టూడియోలో దాన్ని రికార్డు చేశారు. 1978లో ఆమె పాట 'వదరింగ్ హైట్స్' నాలుగు వారాలు అగ్రస్థానంలో ఉంది. సొంతంగా రాసుకున్న పాటతో బ్రిటన్‌లో ఆ స్థానం అందుకున్న తొలి మహిళ ఆమె. అప్పటికి 19 ఏళ్లు. రికార్డు కంపెనీ ముందు వేరే పాట విడుదల చేద్దామంది. ఆమె ఒప్పుకోలేదు. 1985లోనూ కంపెనీ 'క్లౌడ్‌బస్టింగ్' ముందు రావాలంది. మళ్లీ ఆమె ఎంచుకున్న 'రన్నింగ్ అప్ దట్ హిల్' పాటే నిలిచింది. రెండుసార్లూ పాట బలం సరిగ్గా తూచింది దాన్ని కట్టిన మనిషే.

ఇక్కడ ల్యాప్‌టాప్ మీద పాటలు చేసే పిల్లలు ఎంతమంది? చేతులెత్తండి. ఇకపై చెప్పేది ముఖ్యంగా మీకు.

'రన్నింగ్ అప్ దట్ హిల్'లో చెల్లోలా (పెద్ద వయొలిన్ లాంటి వాయిద్యం), మనిషి మూలుగులా వినిపించే పలుకు ఉంది కదా, అది ఫెయిర్‌లైట్ సీఎంఐ నుంచి వచ్చింది. ఆస్ట్రేలియాలో తయారైన కంప్యూటర్ వాయిద్యం. ఏ శబ్దాన్నైనా పట్టి కీబోర్డు మీద వాయించనిస్తుంది. 1980లో 'బబూష్కా'లో గాజు పగిలే చప్పుడు ఆమె దీనితోనే వాడారు. తొలి మోడళ్లలో ఒకేసారి ఎనిమిది స్వరాలే పలుకుతాయి. ఒక్కో స్వరానికి 16 కిలోబైట్ల జ్ఞాపకం (మెమరీ), 8 బిట్ల నాణ్యత. లెక్క వేయండి: శబ్దం నుంచి సెకనుకు 16,000 శాంపిళ్లు (నమూనాలు) తీస్తే జ్ఞాపకం దాదాపు ఒక్క సెకనులో నిండిపోతుంది. పైగా 8,000 హెర్ట్జ్ దాటిన మెరుపు అందులోకి రాదు. 30,000 తీస్తే మెరుపు వస్తుంది, నిడివి అర సెకనుకు పడిపోతుంది. 8 బిట్లంటే 256 మెట్లే గనక శబ్దం సన్నగిల్లే చోట గరుకు తేలుతుంది. ఒక స్థాయి (ఆక్టేవ్) పైకి వాయిస్తే పట్టిన శబ్దం రెట్టింపు వేగంతో పరుగెత్తి సగం నిడివిలో అయిపోతుంది, గొంతయితే పిల్లల గొంతులా పలచనవుతుంది. కిందికి దించితే మొద్దుబారుతుంది. సహజంగా వినిపించేది నాలుగైదు స్వరాల మేరే. ఇలాంటి యంత్రం దగ్గర అసలు చెల్లోలా పలకాలని పట్టుబడితే ఓడిపోతాం. ఆమె పట్టుబట్టలేదు. ఆ గరుకునే పాటకు గొంతు చేశారు.

ఇక టేపు సంగతి. 1982లో 'ది డ్రీమింగ్' ఆల్బమ్ ఆమె ఒంటరిగా ప్రొడ్యూస్ చేశారు. అద్దె స్టూడియోల్లో ఖర్చు పెరిగింది, సింగిల్స్ (విడిగా విడుదలైన పాటలు) సరిగా ఆడలేదు. ఆ తర్వాత తల్లిదండ్రుల పొలం ఇంటి దగ్గరే సొంత స్టూడియో కట్టుకున్నారు. ఆమె పాటలకు బేస్ గిటార్ వాయించే డెల్ పామర్ లిన్‌డ్రమ్ అనే డ్రమ్ మెషిన్ మీద దరువు అమర్చారు, ఆమె దాని మీద ఫెయిర్‌లైట్ వాయించి 8 ట్రాకుల టేపు (ఎనిమిది శబ్దాలను విడివిడిగా పట్టేది) మీద డెమో, అంటే నమూనా రికార్డింగు, చేశారు. సాధారణంగా డెమోను పక్కనపెట్టి అంతా మళ్లీ వాయిస్తారు. అక్కడే మొదటిసారి వచ్చిన ఊపు పోతుంది. ఆమె ఆ 8 ట్రాకులనూ 24 ట్రాకుల మెషిన్‌లోకి ఎక్కించి దాని మీదే కట్టుకుంటూ పోయారు. టేపు నుంచి టేపుకు ఎక్కించిన ప్రతిసారీ బుస పెరుగుతుంది. ఆ నష్టానికి సిద్ధపడే చేశారు. స్టువర్ట్ ఎలియట్ డ్రమ్స్, అలన్ మర్ఫీ గిటార్, ఆమె అన్న ప్యాడీ బలలైకా (రష్యన్ తంత్రీ వాయిద్యం) తర్వాత చేరాయి. పిల్లలూ, మీ డెమో ఫైలు చెరిపేయకండి. దయచేసి చెరిపేయకండి.

అన్నిటిలో నెగ్గిన ఆవిడ పాట పేరు దగ్గర మాత్రం తగ్గాల్సి వచ్చింది. ఆమె పెట్టిన పేరు 'ఎ డీల్ విత్ గాడ్'. స్త్రీ, పురుషుడు దేవుడితో ఒప్పందం చేసుకుని ఒకరి స్థానంలోకి ఒకరు వెళ్లగలిగితే ఒకరినొకరు అర్థం చేసుకుంటారన్నది పాట ప్రాణం. పేరులో దేవుడుంటే మతపట్టింపు ఉన్న దేశాల రేడియోలు వేయవని భయపెట్టారు. ముందు ఆల్బమ్ సింగిల్స్ సరిగా ఆడలేదు గనక ఒప్పుకున్నారు. సొంత పేరు బ్రాకెట్లలోకి వెళ్లింది. ఇదీ నా కోపానికి మరో కారణం.

2014లో లండన్ హామర్‌స్మిత్‌లో చేసిన 22 కచేరీల గురించి చెప్పాలనుకున్నాను, గంట కొట్టారు. పాట పెట్టండి బాబూ. అందరూ ముందు దరువు కోసం చూడకండి. దానికంటే ముందే సన్నగా ఒక నాదం మొదలవుతుంది, మన తంబురా శ్రుతిలా. స్వరాలు మారుతున్నా అది పాట పొడుగునా ఎలా నిలిచి ఉంటుందో వినండి.