ప్రాపగేషన్ అంటే ప్రచారమా? మన బత్తాయి అంటును అడుగుదాం

నమస్తే. ఈ రోజు ఒక్క మాట గురించే మాట్లాడుకుందాం: ప్రాపగేషన్.

నల్గొండ జిల్లా హాలియా దగ్గరి ఊరి నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. హార్టికల్చర్ డిప్లొమా చదువుతున్నాడు. పుస్తకంలో 'ప్లాంట్ ప్రాపగేషన్' అనే పాఠం ఉందట. ఫోన్‌లో అర్థం వెతికితే 'ప్రచారం' అని వచ్చింది. "మొక్కలకు ప్రచారం ఏందన్నా? పరీక్షలో ఏం రాయాలె?" అని టెన్షన్ పడుతున్నాడు.

తమ్ముడూ, ప్రచారం అనేది ఈ మాటకు తర్వాత వచ్చి చేరిన అర్థం. అసలు అర్థం మీ ఊరి తోటల్లోనే ఉంది.

బత్తాయి నర్సరీకి వెళ్లి చూడండి. అక్కడ ముందుగా గింజ వేసి పెంచేది రంగపూర్ నిమ్మను. దాని కాండం పెన్సిల్ లావు అయ్యాక బెరడు మీద ఇంగ్లిష్ 'టీ' అక్షరంలా గాటు పెడతారు. బాగా కాసే సాత్‌గుడి రకం బత్తాయి చెట్టు నుంచి ఒక్క కన్ను, అంటే ఆకు మొదట్లో ఉండే చిన్న మొగ్గను, బెరడుతో సహా తీసి ఆ గాటులో పెట్టి కట్టు కడతారు. కన్ను అతుక్కుని చిగురు వేశాక పైనున్న నిమ్మ కొమ్మను కోసేస్తారు. ఇక వేరు నిమ్మది, చెట్టు బత్తాయిది. తల్లి చెట్టు గుణమే పిల్ల చెట్టుకూ వస్తుంది. మనం అంటు కట్టడం అనేది దీన్నే. ప్రాపగేషన్‌లో, అంటే ఉన్న మొక్క నుంచి కొత్త మొక్కలను పుట్టించడంలో, ఇదొక పద్ధతి.

నాకు బాగా నచ్చిన సంగతి ఇప్పుడు చెప్తాను. ఈ ఇంగ్లిష్ మాట లాటిన్ నుంచి వచ్చింది. లాటిన్‌లో 'ప్రొపాగో' అంటే కొత్త మొక్క కోసం తీసుకున్న తీగ ముక్క, ముఖ్యంగా ద్రాక్ష తీగ. అందులో ఉన్న ధాతువుకు బిగించడం, నాటడం అని అర్థం. మన 'అంటు'లో ఉన్నదీ అతుక్కోవడమే కదా! రోమ్ ద్రాక్ష రైతు, నల్గొండ బత్తాయి రైతు దాదాపు ఒకే దారిలో మాట కట్టుకున్నారు. రెండు మాటలూ తోట బయట కూడా వినిపిస్తాయి. మనం మంట అంటుకుంది అంటాం, అంటువ్యాధి అంటాం. ఇంగ్లిష్ వాళ్లు మంటకూ, పగులుకూ, పుకారుకూ ప్రాపగేట్ అంటారు.

మహబూబ్‌నగర్ పిల్లలమర్రిని చూసినవాళ్లకు ఇంకా తేలిక. ఊడలు నేలకు దిగి, వేళ్లు పట్టి, ఒక్కొక్కటీ మానులా నిలబడ్డాయి. 700 ఏళ్ల చెట్టు అని చెబుతారు. అన్ని ఊడలను కన్న చెట్టుకు 2018లో చెదలు పట్టి సెలైన్ సీసాలతో మందు ఎక్కిస్తుంటే, ఇంట్లో పెద్దమనిషికి ఎక్కిస్తున్నట్టే అనిపించింది.

మరి ప్రచారం ఎక్కడి నుంచి వచ్చింది? 1622లో పోప్ పదిహేనో గ్రెగరీ రోమ్‌లో మతవ్యాప్తి కోసం ఒక సంఘం పెట్టారు. దాని లాటిన్ పేరులో 'ప్రొపగాండా' అనే మాట ఉంది. అక్కడిదే నేటి ప్రాపగాండా. ఇప్పుడు ఆ మాటకు ఏకపక్ష ప్రచారం అనే చెడ్డ వాసన ఉంది, ప్రాపగేషన్‌కు లేదు. రెండింటినీ కలపకండి.

ఫిజిక్స్‌లో కాంతి, రేడియో తరంగాలు ముందుకు సాగడాన్ని ప్రాపగేషన్ అంటారు, తెలుగులో ప్రసరణ.

వ్యాపించడం అనే ఈ అర్థాన్ని ఎక్కడ వాడకూడదో కూడా చెప్పాలి. మన మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరోసిస్ గురించి రాసేటప్పుడు 'జబ్బు వ్యాపించింది' అని రాస్తుంటారు. దయచేసి అలా రాయకండి. అది మనిషి నుంచి మనిషికి అంటదు. ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరు నీళ్లు ఏళ్ల తరబడి తాగడం వల్ల ఎముకలు వంగుతాయి. అంటుకునే రోగమనే భయంతో ఆ ఊళ్లకు పిల్లనివ్వడానికి వెనకాడినవాళ్లున్నారు. ఒక్క తప్పు మాట ఎన్ని సంబంధాలు చెడగొట్టగలదో ఆలోచించండి. 'నీళ్ల వల్ల వచ్చింది' అని రాయండి, చాలు.

ఇక హాలియా తమ్ముడూ, పరీక్షలో 'మొక్కల ప్రవర్ధనం' అని రాయి. పుస్తకాల్లో ఉండే మాట అదే. నర్సరీకి పోయినప్పుడు మాత్రం అంటు ఎట్లా కడతారు అనే అడుగు. కత్తి నీ చేతికిచ్చి చూపిస్తారు.