బెంట్లీ కాంటినెంటల్‌కు ఆ రూపం ఎక్కడిది?

మిత్రులారా, నమస్కారం. పాత కార్లంటే ప్రాణం పెట్టే మీ ముందు బెంట్లీ ఆర్-టైప్ కాంటినెంటల్ గురించి మాట్లాడటం నాకెంతో సంతోషం. 1952లో వచ్చిన ఈ కారు, నలుగురినీ వాళ్ల సామాన్లనూ ఎక్కించుకుని అంత వేగంగా పోగల బండి మరొకటి లేదని పేరు తెచ్చుకుంది.

ఇంగ్లండ్‌లోని క్రూ పట్టణంలో ఉన్న బెంట్లీ ఫ్యాక్టరీలో ఇంజినీరు ఇవాన్ ఎవర్న్‌డెన్ బృందానికి ఇంజిన్ గురించి పెద్ద బెంగ లేదు. 4,566 సీసీ, ఆరు సిలిండర్ల ఇంజిన్ చేతిలో ఉంది. టెన్షనంతా టైర్లతోనే. గంటకు 185 కిలోమీటర్ల వేగంతో అదేపనిగా పరుగెత్తితే, బరువైన కారును అప్పటి టైర్లు తట్టుకోలేవు. అందుకే బండి బరువు సుమారు 1,700 కిలోలు దాటకూడదనుకున్నారు. కార్ల బాడీలు కట్టే హెచ్.జె. ములినర్ కంపెనీ వాళ్లు బాడీని అల్యూమినియంతో కట్టారు. సీట్ల ఫ్రేములూ, చివరికి బంపర్లూ తేలిక లోహంతోనే చేశారు. ఓఎల్‌జి 490 నంబరు వల్ల 'ఓల్గా' అని ముద్దుపేరు వచ్చిన నమూనా కారు, 1951లో ప్యారిస్ దగ్గరి మోంట్‌లెరీ ట్రాక్ మీద ఐదు ల్యాపుల్లో గంటకు సుమారు 190 కిలోమీటర్ల సగటు సాధించింది.

తర్వాత కొనేవాళ్లు మెత్తటి పెద్ద సీట్లు అడిగారు. బరువు పెరిగింది, 1954లో ఇంజిన్‌నూ 4,887 సీసీకి పెంచారు. నా మనసు మాత్రం తొలినాటి తేలిక కార్ల మీదే. 1955 దాకా తయారైనవి మొత్తం 208.

ఇక ఆ కారు పైకప్పు చూడండి. ముందు అద్దం పైనుంచి వెనక బంపర్ దాకా ఒక్క గీతలా జారిపోతుంది. ఆ ఆలోచనకు మూలపురుషుడు జార్జ్ పోలాఁ అని నేను గట్టిగా నమ్ముతాను. ఆయన ప్యారిస్‌లో పళ్ల డాక్టరు! 1938లో ఆంద్రే ఎంబిరికోస్ అనే గ్రీకు సంపన్నుడి బెంట్లీకి, గాలి సాఫీగా జారిపోయేలా బాడీ గీసిచ్చారు. మరుసటి ఏడు ఆ కారు ఇంగ్లండ్‌లోని బ్రూక్‌లాండ్స్ ట్రాక్ మీద ఒక్క గంటలో 184 కిలోమీటర్లు చుట్టింది. క్రూలో వాళ్లకు ఇదంతా తెలియనిది కాదు.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో పోలాఁ బ్రిటిష్ గూఢచర్య సంస్థకు పనిచేశారు. నాజీలు పట్టుకుని 1942లో కాల్చి చంపారు. ఆయన గీసిన ఆ కారు మాత్రం 1949లో ఫ్రాన్స్‌లోని లెమాన్ 24 గంటల రేసులో దిగి ఆరో స్థానంలో నిలిచింది. 1950లో, 1951లో కూడా అక్కడ పరుగెత్తింది. ఓల్గా రోడ్డెక్కింది ఆ 1951లోనే.