చిన్న బోర్డు మీద ఓవర్‌క్లాకింగ్: ముందు ర్యామ్ సంగతి చూడండి

హాయ్ అండీ! ఇదిగో మినీ ఐటీఎక్స్ అనే చిన్న సైజు మదర్‌బోర్డు. ఎటు కొలిచినా 17 సెంటీమీటర్లే. దీని మీద రైజెన్ 7000 ప్రాసెసర్, డీడీఆర్5 ర్యామ్ పెట్టి వారం రోజులుగా కుస్తీ పడుతున్నాను.

"ర్యామ్‌కి రెండే స్లాట్లా?" అని పెదవి విరుస్తారు చాలామంది. ఓవర్‌క్లాకింగ్‌కి, అంటే చిప్‌నీ ర్యామ్‌నీ మామూలు స్పీడు దాటించడానికి, అదే కలిసొస్తుంది. ప్రాసెసర్‌కీ స్లాట్‌కీ మధ్య దారి చిన్నది, ఖాళీ స్లాట్ల గొడవ లేదు కాబట్టి సిగ్నల్ శుభ్రంగా అందుతుంది.

ఏమీ ముట్టుకోకపోతే నా ర్యామ్ స్పీడు 4800, సీఎల్ (అడిగిన డేటా ఇచ్చే ముందు ర్యామ్ ఆగే క్లాక్ సైకిళ్లు) 40 దగ్గరే ఉంది. అంటే సుమారు 16.7 నానోసెకన్ల ఆలస్యం. బయోస్‌లో (బోర్డు సెట్టింగ్స్ ఉండే చోటు) ఎక్స్‌పో, అంటే ర్యామ్‌లో ముందే దాచి ఉంచిన ఫాస్ట్ సెట్టింగ్, ఆన్ చేసి 6000, సీఎల్ 30కి తెస్తే అది 10కి దిగింది. సేవ్ కొట్టగానే స్క్రీన్ నల్లగా అయిపోయింది, ఉలుకూ పలుకూ లేదు. టెన్షన్‌లో పవర్ బటన్ నొక్కేశాను. తప్పు నాదే! అది మెమరీ ట్రైనింగ్, అంటే కొత్త స్పీడుకి బోర్డు ర్యామ్‌తో సర్దుకోవడం. కొన్ని నిమిషాలు పడుతుంది. ఆపితే మళ్లీ మొదటికొస్తుంది.

బయోస్ పాతదైతే ముందు అప్‌డేట్ చేయండి. 2023లో కొన్ని చిప్‌లు కాలిపోయాక ఎస్ఓసీ ఓల్టేజీని (ప్రాసెసర్‌లో ర్యామ్‌ని నడిపే భాగానికి వెళ్లేది) రైజెన్ కంపెనీ ఏఎండీ 1.3 ఓల్టుల దగ్గర కట్టడి చేసింది.

ఇక ప్రాసెసర్. ప్రాసెసర్‌కి కరెంటు అందించే వీఆర్ఎమ్ మీద హీట్‌సింక్ అరచేతిలో పట్టేంత. పైగా ఈ చిప్‌లు 95 డిగ్రీల దాకా వెళ్లేలా తయారైనవే. అందుకే నేను ఓల్టేజీ పెంచలేదు, తగ్గించాను. కర్వ్ ఆప్టిమైజర్ (ఓల్టేజీ తగ్గించే బయోస్ సెట్టింగ్) మైనస్ 30 పెడితే స్ట్రెస్ టెస్ట్ గంటసేపు హాయిగా నడిచింది. రాత్రి బ్రౌజర్ ఒక్కటే తెరిచి కూర్చుంటే ఠక్కున రీస్టార్ట్! పని తక్కువున్నప్పుడే ఏదో ఒక కోర్ అన్నిటికంటే ఎక్కువ స్పీడుకి ఎగురుతుంది, అక్కడ ఓల్టేజీ చాలలేదు. మైనస్ 20కి వచ్చాక మళ్లీ రాలేదు.

ఇంకోటి. మెమరీ టెస్ట్ ఒక్కటే చేసి సంబరపడకండి. చిన్న కేసులో గ్రాఫిక్స్ కార్డు వేడంతా ర్యామ్‌కి తగులుతుంది. టెస్ట్ పాసైన ర్యామ్ సెట్టింగ్స్‌తోనే గేమ్ మధ్యలో క్రాష్ అయింది. మెమరీ టెస్ట్‌నీ గ్రాఫిక్స్ కార్డు లోడ్‌నీ కలిపి నడిపి చూడండి.

మొత్తానికి బోర్డు నాకు నచ్చింది, ఒక్క విషయంలో తప్ప. బయోస్ సెట్టింగ్స్‌ని మొదటికి తెచ్చే క్లియర్ సీమాస్ బటన్ వెనక లేదు. అదే పని చేసే జంపర్ పిన్నులున్నది సరిగ్గా గ్రాఫిక్స్ కార్డు కింద. సెట్టింగ్ బెడిసికొట్టిన ప్రతిసారీ కార్డు పీకాల్సిందే. ఈ వారంలో ఐదుసార్లు పీకాను.